ముప్పై రూపాయల ఉద్యోగం: శ్రీనివాస రామానుజన్ జీవితం

శ్రీనివాస రామానుజన్ పేరు మీరు వినే ఉంటారు. 1729 అనే సంఖ్య కథ కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అతడు గొప్ప గణిత శాస్త్రజ్ఞుడని చిన్న తరగతుల పుస్తకాలలోనే చదువుకున్నాం. అయితే అతడు పరీక్ష తప్పాడనీ, చదువు మధ్యలోనే ఆగిపోయిందనీ, ఒక చిన్న గుమాస్తా పని కోసం చాలా కాలం ఊరూరా తిరిగాడనీ ఆ పుస్తకాలు ఒకటి రెండు వాక్యాలలో చెప్పి ముందుకు వెళ్ళిపోతాయి. ఈ పాఠంలో మనం అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అతని గణితం గురించి తక్కువగానే చెప్పుకుంటాం. పట్టా లేని యువకుడు ఉద్యోగం కోసం ఏయే తలుపులు తట్టాడు, ఏవి మూసుకున్నాయి, ఏది ఎలా తెరుచుకుంది అన్నదే మన విషయం.

కుంభకోణం ఇల్లు

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో, అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది కావేరి ఒడ్డున ఉన్న కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల కొట్టులో గుమాస్తా. జీతం నెలకు సుమారు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజన పాటలు పాడేది. చదువుకోవడానికి ఊరికి వచ్చిన పిల్లలను ఇంట్లో ఉంచుకొని భోజనం పెట్టి, వారిచ్చే డబ్బుతో సంసారాన్ని గట్టెక్కించేది. తిండికి ఇబ్బంది పడిన రోజులు ఆ ఇంట్లో లేకపోలేదు.

పిల్లవాడు మాత్రం చదువులో చురుకు. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలోనే మొదటివాడుగా నిలిచాడు. మరుసటి ఏడాది టౌన్ హైస్కూలులో చేరాడు. పదిహేనో ఏట, అంటే 1903 ప్రాంతంలో, స్నేహితుల ద్వారా కార్ అనే ఇంగ్లండు రచయిత రాసిన ఒక లెక్కల పుస్తకం అతని చేతికి వచ్చింది. అందులో దాదాపు ఐదు వేల సూత్రాలు వరుసగా ఉన్నాయి. చాలా వాటికి నిరూపణలు లేవు, ఉన్నా ఒకటి రెండు ముక్కలే. కార్ అనే ఆయన విద్యార్థులను పరీక్షలకు తయారు చేసే ట్యూషను మాస్టారు. పుస్తకం కూడా అందుకోసం రాసిందే. పరీక్షల కోసం రాసిన ఆ పుస్తకం రామానుజన్‌ను పరీక్షలకు పూర్తిగా దూరం చేసింది. ఒక్కొక్క సూత్రాన్నీ తనంతట తాను నిరూపించుకుంటూ, దాని నుంచి కొత్తవి పుట్టించుకుంటూ పోయాడు. కాగితం ఖరీదు కనుక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, చివరి ఫలితాన్ని మాత్రం నోటు పుస్తకంలో ఎక్కించుకునేవాడు. ఈ నోటు పుస్తకాలను గుర్తుంచుకోండి. తరువాతి రోజులలో అతని చేతిలో ఉన్న ఒకే ఒక యోగ్యతాపత్రం ఇవే.

ఎఫ్.ఏ. తప్పినవాడు

ఆ రోజుల చదువు మెట్లు నేటివాటికి కొంచెం భిన్నం. హైస్కూలు చివర మెట్రిక్యులేషన్. అది నేటి పదో తరగతి లాంటిది. ఆ తరువాత రెండేళ్ళ ఎఫ్.ఏ.; దాన్ని మన ఇంటర్మీడియట్‌తో పోల్చవచ్చు. దాని తరువాత బి.ఏ.

రామానుజన్ మెట్రిక్యులేషన్ చక్కగా ముగించి, ఉపకార వేతనంతో 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరాడు. ఎఫ్.ఏ.లో గణితం ఒక్కటే ఉండదు. ఇంగ్లీషు ఉంది, గ్రీకు రోమను చరిత్ర ఉంది, సంస్కృతం ఉంది, శరీరశాస్త్రం ఉంది. మిగతా పాఠాలు జరుగుతున్నప్పుడు కూడా అతడు లెక్కలే చేసుకుంటూ కూర్చునేవాడు. ఫలితం ఊహించగలిగిందే. ఇంగ్లీషు తప్పాడు. ఉపకార వేతనం పోయింది. జీతం కట్టి చదివించే స్థోమత ఇంట్లో లేదు.

1905లో, ఎవరికీ చెప్పకుండా, అతడు ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. వెళ్ళింది మన తెలుగు ప్రాంతానికే. విశాఖపట్నం దాకా వచ్చి, కొన్నాళ్ళు తిరిగి, మళ్ళీ ఇంటికి చేరాడు. అక్కడ అతడు ఎక్కడ ఉన్నాడో, ఏం తిన్నాడో వివరాలు నిలవలేదు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున ఇల్లు విడిచిపోయే పిల్లలు మన కాలంలోనూ ఉన్నారు. రామానుజన్ తిరిగి రాగలిగాడు. వచ్చాక ఇంట్లో తలుపు వేసి ఉండలేదు. అతని జీవితంలో తరువాత జరిగిందంతా ఈ రెండింటి మీదే ఆధారపడింది.

1906లో మద్రాసు వెళ్ళి పచ్చయ్యప్ప కళాశాలలో చేరాడు. జబ్బు చేసి ఇంటికి వచ్చేశాడు. 1907లో ప్రైవేటుగా పరీక్ష రాశాడు. గణితం బాగా రాశాడు, మిగతావి తప్పాడు. దానితో కళాశాల చదువు ముగిసింది. అప్పటికి అతని వయస్సు ఇరవై.

చదవడం ఒక నిమిషం ఆపండి. ఒక విషయంలో అసాధారణమైన శక్తి ఉండి, మిగతా విషయాలలో తప్పినవాడు ఆనాటి ఉద్యోగాల బజారులో ఎక్కడ నిలబడతాడో మీ నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి. తరువాత కింది భాగం చదివి, మీరు రాసినదానితో సరిపోల్చుకోండి.

ఆనాటి ఉద్యోగాల తీరు

మద్రాసు రాష్ట్రంలో అప్పుడు పరిశ్రమలు బహు తక్కువ. చదువుకున్న కుర్రవాడు ఆశించేది సర్కారు కచేరీలో గుమాస్తా పని, లేదా బడి పంతులు పని, లేదా రైల్వే, పోర్టు, పెద్ద కంపెనీల కార్యాలయాలలో లెక్కలు రాసే పని. ఏటా మెట్రిక్యులేషన్ ముగించి బయటికి వచ్చేవారు ఎక్కువ, కుర్చీలు తక్కువ. పై ఉద్యోగాలకు డిగ్రీ కావాలి. పోటీ ఎంతగా ఉండేదంటే, తప్పిన పరీక్షను కూడా దరఖాస్తులో ఒక అర్హతలాగా రాసుకునే అలవాటు ఉండేది. కనీసం అంతవరకు చదివాడని దాని అర్థం. ఇక ఖాళీ ఎక్కడ ఉందో తెలియడానికీ, తెలిసినా దరఖాస్తు మీద అధికారి చూపు పడడానికీ ఎవరో ఒక పెద్దమనిషి రాసిచ్చిన ఉత్తరం కావాలి.

ఈ ఉత్తరాలు ఎవరికి దొరుకుతాయి? చదువుకున్న కుటుంబాలతో పరిచయం ఉన్నవారికి. రామానుజన్ పేదవాడే గాని, చదువు, ఉద్యోగాలు ఉన్న సమాజానికి చెందినవాడు. అతనికి పాఠం చెప్పిన లెక్చరరు ఒకాయన, అతనికి తెలిసిన స్నేహితుల బంధువులు ఒకరు, ఇలా ఒక దారి ఉండింది. ఆ దారి కూడా లేనివారు అప్పుడు కోట్లమంది. వారిలో ఎందరి నోటు పుస్తకాలు ఎవరి కంటా పడకుండా పోయాయో మనకు తెలిసే అవకాశం లేదు.

తిరుగుడు

1909 జూలై 14న పెద్దలు రామానుజన్‌కు పెళ్ళి చేశారు. ఆనాటి ఆచారం ప్రకారం పెళ్ళికూతురు జానకి పదేళ్ళ పిల్ల. ఆమె కాపురానికి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. కాని పెళ్ళయిన కొడుకు సంపాదించాలి కదా! తండ్రికి వయసు మీదపడుతోంది. అరుగు మీద కూర్చొని పలక మీద లెక్కలు చేసుకునే రోజులు అక్కడికి ముగిశాయి.

మరుసటి ఏడాది మొదట్లో అతనికి వరిబీజం ఆపరేషను అవసరమైంది. ఇంట్లో డబ్బు లేదు. ఒక వైద్యుడు ఉచితంగా చేశాడు. కోలుకోగానే రామానుజన్ పని వెతుక్కుంటూ బయలుదేరాడు.

ముందు ట్యూషన్లు ప్రయత్నించాడు. లెక్కలలో అంతటి దిట్టకు ట్యూషన్లు కరువా అని మనకు అనిపిస్తుంది. కాని పిల్లలకు కావలసింది పరీక్షలో వచ్చే లెక్క. అతడు చెప్పేది తనకు నచ్చిన లెక్క. పాఠ్యపుస్తకంలోని ఒక ప్రశ్న మీద మొదలుపెట్టి, పుస్తకంలో లేని చోటికి వెళ్ళిపోయేవాడు. పిల్లలు ఎన్నాళ్ళో నిలవలేదు. నిజం చెప్పాలంటే ఇందులో పిల్లల తప్పు లేదు. వారికి కూడా పట్టా కావాలి, ఉద్యోగం కావాలి.

1910లో తిరుక్కోయిలూరు అనే చిన్న ఊరికి వెళ్ళాడు. అక్కడ డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్. ఆయన 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించినవాడు. తాలూకా కచేరీలో ఏదైనా చిన్న గుమాస్తా పని ఇప్పించమని రామానుజన్ అడిగాడు. ఆధారంగా నోటు పుస్తకాలు చూపించాడు. అయ్యర్ వాటిని తిరగేశాడు. శిస్తు కచేరీలో అట్టడుగు కుర్చీలో కూర్చోబెడితే ఈ తెలివి నలిగిపోతుందని ఆయనకు తోచింది. అందుచేత ఉద్యోగం ఇవ్వలేదు. మద్రాసులోని తన మిత్రులకు పరిచయ ఉత్తరాలు ఇచ్చి పంపాడు.

ఇది చరిత్రలో మంచి నిర్ణయంగా చెప్పుకుంటారు. కాని ఆ రోజున రామానుజన్ వైపునుంచి చూడండి. ఆకలితో ఉద్యోగం అడిగినవాడికి దొరికింది మెచ్చుకోలు, ఇంకో ఊరికి దారి. అతడు ఎన్నోసార్లు ఎదుర్కొన్న ఇబ్బంది ఇదే: మామూలు పనికి పట్టా చాలదు, పెద్ద పనికి అసలే పట్టా లేదు.

నెల్లూరు కలెక్టరు

మద్రాసులో ఆ ఉత్తరం పి.వి. శేషు అయ్యర్ దగ్గరికి చేరింది. ఆయన కుంభకోణం కళాశాలలో రామానుజన్‌కు గణితం చెప్పిన లెక్చరరే. ఆయన మరొక ఉత్తరం రాసి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుకు పంపాడు. రామచంద్రరావు గణితమంటే ఇష్టమున్న అధికారి. గణిత సంఘంలో ముఖ్యుడు. 1910 చివర రామానుజన్ ఆయన్ను చూడడానికి నెల్లూరు వెళ్ళాడు.

కలెక్టరు ఎదుట నిలబడిన మనిషి ఎలా ఉన్నాడో ఆయనే తరువాత గుర్తు చేసుకున్నాడు. పొట్టిగా, లావుగా, గడ్డం గీసుకోకుండా, అంత శుభ్రంగా లేని బట్టలతో ఉన్నాడు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. చంకలో నలిగిపోయిన నోటు పుస్తకం. నేడు ఇంటర్వ్యూకు వెళ్ళేవారికి మనం చెప్పే జాగ్రత్తలు ఒక్కటీ అతడు పాటించలేదు. పాటించడానికి అతని దగ్గర డబ్బూ లేదు.

మొదటి సారి చూసినప్పుడు రామచంద్రరావుకు ఏమీ తేల్చుకోవడానికి వీలుపడలేదు. పుస్తకంలో ఉన్నది తనకు తెలిసిన గణితం కాదు. ఇది నిజమైన ప్రతిభా, పిచ్చిరాతా, మోసమా? మళ్ళీ రమ్మన్నాడు. రామానుజన్ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కలెక్టరుకు అర్థమయ్యే సులువైన ఫలితాలనుంచి మొదలుపెట్టి, మెల్లగా పైకి తీసుకువెళ్ళాడు. అలా కొన్ని భేటీల తరువాత ఆయనకు నమ్మకం కుదిరింది. ట్యూషనులో పిల్లల దగ్గర చేయలేకపోయిన పని ఇక్కడ చేయగలిగాడు: ఎదుటివాడు నిలబడిన మెట్టు దగ్గరికి దిగి, అక్కడినుంచి నడిపించుకువెళ్ళడం.

ఏం కావాలని రామచంద్రరావు అడిగితే, లెక్కలు చేసుకోవడానికి తీరిక దొరికేలా బతకడానికి సరిపడే కొద్దిపాటి ఆదాయం చాలునని రామానుజన్ చెప్పాడు. కీర్తి కావాలని గాని, పదవి కావాలని గాని అడగలేదు. నెల్లూరు లాంటి చిన్న ఊరిలో ఉంచడం ఇతనికి అన్యాయమని కలెక్టరు భావించి, మద్రాసుకే తిరిగి పంపాడు. ఉపకార వేతనం ఏదైనా ఇప్పించాలని ప్రయత్నించాడు. పట్టా లేనందువల్ల కుదరలేదు. చివరికి తన సొంత డబ్బునుంచి నెలకు 25 రూపాయలు పంపసాగాడు.

ఆ డబ్బుతో రామానుజన్ దాదాపు ఒక ఏడాది గడిపాడు. 1911లో భారత గణిత సంఘం పత్రికలో అతని మొదటి వ్యాసం అచ్చయింది. అది బెర్నూలీ సంఖ్యల గురించి. అదే పత్రికలో పాఠకులు సాధించవలసిన కొన్ని లెక్కలను కూడా ఇచ్చాడు. మద్రాసులో గణితం తెలిసిన కొద్దిమందికి అతని పేరు తెలిసింది.

అయినా ఒకరి దయమీద బతకడం అతనికి నచ్చలేదు. పని చేసి సంపాదించుకోవాలనుకున్నాడు. అతని జీవితంలో ఈ మలుపును చాలామంది గమనించరు. ఇంట్లో కూర్చోబెట్టి డబ్బు పంపే మనిషి ఉండగా, అతడు మళ్ళీ ఉద్యోగాల వెంట పడ్డాడు.

ఒక దరఖాస్తు, ఒక సిఫార్సు

1912 జనవరిలో మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. నెలకు 20 రూపాయలు. కొన్ని వారాలకే అది అయిపోయింది.

అంతలో మద్రాసు పోర్ట్ ట్రస్ట్ లెక్కల విభాగంలో ఒక ఖాళీ ఉందని తెలిసింది. ఫిబ్రవరి 9న తిరువల్లిక్కేణిలోని తన బసనుంచి రామానుజన్ దరఖాస్తు రాశాడు. చాలా చిన్న దరఖాస్తు అది. ఖాళీ ఉందని తెలిసి రాస్తున్నాననీ, మెట్రిక్యులేషన్ అయిందనీ, ఎఫ్.ఏ. దాకా చదివి, అనుకోని ఇబ్బందులవల్ల ఆపై సాగించలేకపోయాననీ చెప్పుకున్నాడు. అప్పటినుంచి కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నాననీ, ఈ పని ఇస్తే దానికి న్యాయం చేయగలననీ రాశాడు. తన పరిశోధనల జాబితా ఇవ్వలేదు. పేదరికాన్ని వర్ణించలేదు. చదువు ఆగిపోయిన సంగతిని దాచలేదు, దాని మీద ఎక్కువసేపు నిలవనూ లేదు. దరఖాస్తు రాయడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి నమూనా వెతికినా దొరకడం కష్టమని మా అభిప్రాయం.

దానితో పాటు ప్రెసిడెన్సీ కళాశాల గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ అంతకుముందు ఇచ్చిన సిఫార్సు కూడా ఉంది. ఆయన రామానుజన్‌ను గణితంలో అసాధారణమైన శక్తి గల యువకుడని మెచ్చుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే పోర్టు అధికారికి అది పెద్దగా పనికి వచ్చేది కాదు. లెక్కలు కట్టడం ఇతనికి పుట్టుకతో వచ్చిన విద్య, అంకెల పనిలో చాలా వేగం ఉన్నవాడు అని కూడా రాశాడు. ఓడల సరుకుల లెక్కలు చూసే కార్యాలయానికి కావలసిన మాట అదీ! ఉద్యోగం ఇచ్చేవాడికి ఏం కావాలో తెలిసి రాసిన సిఫార్సు అది.

1912 మార్చి 1న రామానుజన్ మూడో తరగతి, నాలుగో గ్రేడు గుమాస్తాగా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు.

కిందటి పేరాలలో రామానుజన్ తన దరఖాస్తులో ఏయే విషయాలు చెప్పాడో చూశారు. మీకు తెలిసిన ఒక చిన్న ఉద్యోగానికి మీ పేరుతో ఒక దరఖాస్తు రాయండి. పది పంక్తులు మించకూడదు.

పోర్టులో

ఆ కార్యాలయంలో పై అధికారి ఎస్. నారాయణ అయ్యర్. ఆయన కూడా గణితం తెలిసినవాడు, గణిత సంఘానికి కోశాధికారి. రామానుజన్‌కు ఆ కుర్చీ దొరకడంలో ఇది కాకతాళీయం కాదని వేరే చెప్పనక్కరలేదు. రాత్రిళ్ళు ఇద్దరూ పలకలు ముందు పెట్టుకొని లెక్కలు చేసేవారు. రామానుజన్ మధ్య మెట్లు దాటేసి ఫలితం రాసేస్తుంటే, నాకే అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది, ప్రతి మెట్టూ రాయమని నారాయణ అయ్యర్ పట్టుబట్టేవాడట. పోర్ట్ ట్రస్ట్ అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌కు కూడా ఆయనే ఈ గుమాస్తా సంగతి చెప్పాడు.

పని భారమైంది కాదు. సరుకులు చుట్టి వచ్చిన కాగితాల మీద కూడా రామానుజన్ లెక్కలు చేసుకునేవాడని చెబుతారు. జానకి, తల్లి మద్రాసు వచ్చారు. మొదటిసారిగా అతనికి సొంత జీతంతో నడిచే సంసారం ఏర్పడింది.

ఇక్కడినుంచి తెలుగు పాఠకులకు తెలిసిన కథే కనుక కొంచెం త్వరగా చెప్పుకుందాం. మద్రాసు పెద్దలు అతని పనిని ఇంగ్లండులోని ఆచార్యులకు చూపాలనుకున్నారు. లండన్‌లో ఉన్న ఆచార్య హిల్ లోపాలు ఎత్తిచూపి, ఒక పుస్తకం చదవమని సలహా ఇచ్చాడు. కేంబ్రిడ్జ్‌లో బేకర్, హాబ్సన్ అనే ఇద్దరికి రాస్తే సహాయం రాలేదు. 1913 జనవరి 16న రామానుజన్ మూడో వ్యక్తికి, ట్రినిటీ కళాశాలలోని జి.హెచ్. హార్డీకి, ఉత్తరం రాశాడు. తాను మద్రాసు పోర్టులో గుమాస్తాననీ, ఏడాదికి 20 పౌండ్ల జీతగాడిననీ చెప్పుకోవడంతోనే ఆ ఉత్తరం మొదలవుతుంది. హార్డీ మొదట ఇది ఎవరో చేసిన తమాషా అనుకున్నాడు. ఆ సాయంకాలం స్నేహితుడు లిటిల్‌వుడ్‌తో కూర్చొని ఆ కాగితాలు పరిశీలించాక అభిప్రాయం మారిపోయింది. ఫిబ్రవరి 8న జవాబు రాశాడు.

హార్డీ జవాబుతో మద్రాసులో తలుపులు కదిలాయి. వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్టుకు వచ్చినప్పుడు నోటు పుస్తకాలు చూసి విశ్వవిద్యాలయానికి సిఫార్సు చేశాడు. ఎం.ఏ. పట్టా ఉన్నవారికే పరిశోధన వేతనం ఇవ్వాలన్నది నిబంధన. ఎఫ్.ఏ. తప్పినవాడికి ఎలా ఇస్తారు? చర్చ జరిగింది. చివరికి నిబంధన పక్కన పెట్టారు. 1913 మే 1 నుంచి రెండేళ్ళపాటు నెలకు 75 రూపాయలు మంజూరు చేశారు. మూడు నెలలకొకసారి చేసిన పని గురించి నివేదిక ఇవ్వాలి, అంతే. గుమాస్తా జీతానికి రెండున్నర రెట్లు. పోర్టు అతన్ని సెలవు మీద పంపింది.

చేరిన ఏడాది పైచిలుకు కాలంలో ఇంతటి మార్పు వచ్చింది. పరీక్ష తప్పిన నాటినుంచి లెక్కపెడితే ఎనిమిదేళ్ళు.

ఇంగ్లండు, తిరుగు ప్రయాణం

సముద్ర ప్రయాణానికి మొదట ఇంటివారు ఒప్పుకోలేదు. తరువాత తల్లి అంగీకరించింది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడలో రామానుజన్ మద్రాసునుంచి బయలుదేరాడు. విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్లు ఇచ్చింది. అందులో 50 పౌండ్లు ఇంటికి అందే ఏర్పాటు జరిగింది.

అక్కడ హార్డీతో కలిసి చేసిన పని గణితంలో శాశ్వతంగా నిలిచింది. 1916లో కేంబ్రిడ్జ్ పరిశోధనకు గాను అతనికి బి.ఏ. పట్టా ఇచ్చింది. ఎఫ్.ఏ. లేకుండా బి.ఏ. అయ్యాడన్నమాట! 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. భారతీయులలో అతనికంటే ముందు అది ఒక్కరికే, 1841లో ఓడల ఇంజనీరు అర్దేశిర్ కుర్సేత్‌జీకి, దక్కింది. అదే ఏడాది ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడయ్యాడు.

కాని యుద్ధకాలం, చలి, శాకాహారికి సరైన తిండి దొరకకపోవడం, ఒంటరితనం అతన్ని కుంగదీశాయి. 1917నుంచి చాలా కాలం వైద్యశాలలలోనే గడిచింది. అప్పటి వైద్యులు క్షయ అనుకున్నారు. కాలేయానికి సోకిన అమీబా వ్యాధి కావచ్చునని చాలా ఏళ్ళ తరువాత ఒక వైద్యుడు ఆ కాగితాలు పరిశీలించి అభిప్రాయపడ్డాడు.

తిరిగి రాబోయే ముందు, మద్రాసు విశ్వవిద్యాలయం అతనికి ఏడాదికి 250 పౌండ్ల చొప్పున ఐదేళ్ళపాటు వేతనం ఇస్తామంది. 1919 జనవరిలో రామానుజన్ రిజిస్ట్రారుకు జవాబు రాశాడు. తన అవసరాలకు ఆ మొత్తం ఎక్కువనీ, తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌండ్లు ఇచ్చి, తన ఖర్చులు పోను మిగిలినదాన్ని బీద పిల్లలకూ అనాథలకూ బడి జీతాలు తగ్గించడం, పుస్తకాలు కొనివ్వడం వంటి పనులకు వాడాలనీ కోరాడు. బడి జీతం కట్టలేక చదువు ఆపినవాడు రాసిన ఉత్తరం అది.

1919 మార్చిలో అతడు స్వదేశం చేరాడు. ఒంట్లో సత్తువ లేదు. పడకమీదనే పలక తెప్పించుకొని లెక్కలు చేస్తూనే ఉన్నాడు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశాడు. వయస్సు 32 సంవత్సరాలు.

ఆ చివరి నెలలలో రాసిన కాగితాలు 1976లో ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో అమెరికా గణితవేత్త జార్జ్ ఆండ్రూస్ కంట పడ్డాయి. పోయిన నోటు పుస్తకం అని వాటికి పేరు వచ్చింది. వాటి మీద పండితులు ఏళ్ళ తరబడి పని చేశారు. డిసెంబరు 22ను మన దేశం జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకోవడం 2012లో మొదలైంది.

భర్త పోయేనాటికి జానకికి 21 ఏళ్ళు. పిల్లలు లేరు. పెద్దగా చదువు లేదు. విశ్వవిద్యాలయం ఆమెకు నెలకు 20 రూపాయల పింఛను ఇచ్చింది. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఆమె భర్తకు వచ్చిన తాత్కాలిక జీతం కూడా అంతే. ఆమె కొన్నేళ్ళు బొంబాయిలో అన్నగారింట ఉండి, కుట్టుపని నేర్చుకొని, మద్రాసు తిరిగి వచ్చింది. తిరువల్లిక్కేణిలో బట్టలు కుట్టి తన బతుకు తాను బతికింది. తల్లిని కోల్పోయిన ఒక పిల్లవాణ్ణి చేరదీసి, చదివించి, పెద్దచేసింది. అతడు బ్యాంకు ఉద్యోగి అయ్యాడు. 1994లో, 95 ఏళ్ళ వయస్సులో, ఆమె మరణించింది.